పూరీం ష్పిల్ ఆడించడం ఎలా: విందు బల్ల దగ్గర పుట్టిన యూదుల హాస్య నాటకానికి సమగ్ర మార్గదర్శి

"హైంట్ ఇజ్ పూరిమ్, మోర్గ్న్ ఇజ్ ఓయ్స్, గిట్ మిర్ ఎ గ్రోష్న్ ఉన్ వార్ఫ్ట్ మిఖ్ అరోయ్స్."

తూర్పు ఐరోపా యూదుల ఇళ్ళలో తరతరాలుగా వినిపించిన యిడ్డిష్ మాటలివి. తెలుగులో చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది:

ఇవాళే పూరీం, రేపటికి లేదు;
కాసిచ్చి గెంటండి, తప్పేం కాదు.

పూరీం అనే యూదుల పండగ పూట ఇంటిల్లిపాదీ విందుకు కూర్చుని ఉంటారు. తలుపు తోసుకుని వేషగాళ్ళు లోపలికొస్తారు. కాగితం కిరీటం పెట్టుకున్నవాడు రాజు, గడ్డం అతికించుకున్నవాడు మొర్దెకై, ఆడవేషం కట్టిన కుర్రాడు ఎస్తేరు రాణి. బల్లల మధ్యే నాటకం ఆడేసి, నవ్వించి, చిల్లర పుచ్చుకుని, పై మాటలు పాడి పక్కింటికి వెళ్ళిపోతారు. మన పగటివేషగాళ్ళు వాకిట్లోకి వచ్చినట్టే అనుకోండి. దీన్నే పూరీం ష్పిల్ అంటారు. యిడ్డిష్‌లో ష్పిల్ అంటే ఆట. తోలుబొమ్మలాటలో 'ఆట' ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పిల్లలాడుకునే ఆటకీ, జనం ముందు కట్టే ఆటకీ ఒకే మాట.

నేను తెనాలిలో నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. న్యూజెర్సీకి వచ్చాక ఇరుగుపొరుగు స్నేహం కొద్దీ మా దగ్గరి సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) వాళ్ళ పూరీం ఆటలో చెయ్యి వేయడం మొదలుపెట్టాను. మొదటి ఏడాది నాకు తెలిసిన రంగస్థలం అంతా అందులో పెట్టాను. మూడు రంగాలు కట్టాం, తెర దించాం, లైట్లు మార్చాం, గంటా పదినిమిషాలు ఆడాం. అయ్యాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "నాటకం బాగుంది నాయనా, సూప్ చల్లారిపోయింది" అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఇది రంగస్థలం కోసం పుట్టిన నాటకం కాదు, విందు బల్ల కోసం పుట్టింది. ఈ మార్గదర్శిలో చెప్పే ప్రతి అడుగూ ఆ ఒక్క విషయం నుంచే వచ్చింది.

మొదటి అడుగు: ఎస్తేరు గ్రంథం చదవండి, చేతిలో పెన్సిల్ పట్టుకుని

స్క్రిప్ట్ సంగతి తర్వాత, ముందు మూలం చదవాలి. పది అధ్యాయాలే, గంటలో అయిపోతుంది. తెలుగు బైబిల్లో ఎస్తేరు గ్రంథం ఎలాగూ ఉంది కాబట్టి మనకి పేర్లు కూడా కొత్త కాదు: అహష్వేరోషు, వష్తి, ఎస్తేరు, మొర్దెకై, హామాను, అతని భార్య జెరెషు. కథ జరిగేది పారశీక రాజధాని షూషనులో. మొదటి వాక్యంలోనే మన దేశం పేరుంది. హిందూదేశం మొదలుకుని కూషు వరకు 127 సంస్థానాలు ఆ రాజు ఏలుబడిలో ఉన్నాయి. హీబ్రూలో ఆ మాట 'హోదూ'. ఇప్పటికీ హీబ్రూలో ఇండియాని హోదూ అనే అంటారు.

కథ రెండు ముక్కల్లో: మొర్దెకై తనకి వంగి దణ్ణం పెట్టలేదన్న కోపంతో మంత్రి హామాను రాజ్యంలోని యూదులందర్నీ ఒకే రోజున చంపించడానికి ఆజ్ఞ పుట్టిస్తాడు, ఆ రోజేదో తేల్చడానికి చీట్లు వేస్తాడు. ఆ చీటికి 'పూరు' అని పేరు, పండగ పేరు అక్కడి నుంచి వచ్చింది. మొర్దెకై పెంచిన ఎస్తేరు అప్పటికే రాణి అయి ఉంటుంది. ఆమె రాజుని విందుకు పిలిచి, హామాను ఎత్తు తలకిందులు చేస్తుంది.

పెన్సిల్ దేనికంటే, తలకిందులైన ప్రతి చోటా గీత గీయడానికి. రాజు తన ఉంగరం హామానుకిస్తాడు, చివరికి అదే ఉంగరం మొర్దెకై వేలికి చేరుతుంది. మొర్దెకై కోసం నాటించిన ఉరికొయ్య మీదికి హామానే ఎక్కుతాడు. యూదుల్ని చంపమని వెళ్ళిన తాకీదుల వెనకే, వాళ్ళు తమని తాము కాపాడుకోవచ్చని ఇంకో తాకీదు వెళుతుంది. తొమ్మిదో అధ్యాయం మొదట్లో దీనికో హీబ్రూ మాట ఉంది: 'వెనహఫోఖ్ హూ', అంటే అంతా తిరగబడింది. మీ ఆటకి వెన్నెముక ఈ మాటే. గీతలు గీసిన చోట్లే మీ రంగాలు. మిగతాది సూత్రధారుడు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఇంకో వింత కూడా గమనించండి: హీబ్రూ మూలంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. అంతా విందులు, ఉత్తరాలు, అలకలు, నిద్రపట్టని రాత్రులు. హాస్యానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండో అడుగు: తేదీ, వేళ, చోటు

యూదుల పంచాంగంలో అదార్ నెల 14వ తేదీ పూరీం. పూర్వం ప్రాకారాలున్న నగరాల్లో, అంటే ఇప్పుడు ముఖ్యంగా జెరూసలేంలో, 15న చేస్తారు. చాంద్రమానం, అధికమాసం వాళ్ళకీ ఉన్నాయి. అందుకే 2026లో మార్చి 3న వచ్చిన పండగ 2027లో మార్చి 23న వస్తుంది. చాలా ఏళ్ళు హోలీకి అటూ ఇటూగా పడుతుంది. 2025లో అయితే రెండూ మార్చి 14నే వచ్చాయి. వాళ్ళ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక, ముందురోజు సాయంత్రమే పండగ వచ్చేసినట్టు.

ఆ రోజు చేయాల్సినవి నాలుగు: ఎస్తేరు గ్రంథం చుట్ట విప్పి రాత్రీ పగలూ చదవడం, స్నేహితులకి తినుబండారాలు పంపడం, పేదలకి ఇవ్వడం, విందు చేయడం. ఆటకి రెండు వేళలు ఉన్నాయి. సాయంత్రం పఠనం అయిన వెంటనే ఆడొచ్చు, లేదా మర్నాడు మధ్యాహ్నం విందులో ఆడొచ్చు. మొదటి దాంట్లో పిల్లలు ఎక్కువ, ఓపిక తక్కువ. రెండోది అసలు సంప్రదాయం. ఎంచుకునే వీలుంటే విందే ఎంచుకోండి.

వేదిక వద్దు. బల్లలు లాడం ఆకారంలో వేసి మధ్యలో నాలుగు గజాల ఖాళీ వదిలితే చాలు. నటులు వంటింటి తలుపులోంచి రావాలి, వడ్డించేవాళ్ళకి అడ్డం పడుతూ రావాలి. ఎంట్రీకే సగం నవ్వు పుడుతుంది.

మూడో అడుగు: ఆ సమాజం పద్ధతి అడిగి తెలుసుకోండి

బయటివాళ్ళం వెళ్ళి చెయ్యి వేస్తున్నాం కాబట్టి ఇది తప్పనిసరి. అన్ని సినగాగ్‌లూ ఒకలా ఉండవు. ఛాందస సమాజాల్లో ఆడా మగా కలిసి నటించరు, మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు పాడరు. అక్కడ పాత్రలన్నీ మగపిల్లలే వేస్తారు, లేదా ఆడవాళ్ళు ఆడవాళ్ళకే విడిగా ఆడతారు. ఉదార సమాజాల్లో ఆ పట్టింపు లేదు. పూరీం రోజు వాద్యాలు, మైకు వాడటానికి మామూలుగా అభ్యంతరం ఉండదు, కానీ శుక్రవారం సాయంత్రం సబ్బాతు (వారపు విశ్రాంతిదినం) మొదలయ్యే వేళకి దగ్గరగా పడితే లెక్క మారిపోతుంది. మీరు ఇంట్లో చేసిన లడ్డూలు అక్కడి వంటింట్లోకి తీసుకెళ్ళొచ్చా లేదా అన్నది కూడా ముందే అడగండి. కోషర్ నియమాలు, అంటే యూదుల ఆహార నియమాలు, దినుసులకే కాదు, గిన్నెలకీ వర్తిస్తాయి.

మగవాడు ఆడవేషం కట్టడం గురించి ఎవరైనా సందేహపడితే, 16వ శతాబ్దంలోనే క్రాకోవ్ రబ్బీ (యూదు మతగురువు) మోషే ఇస్సెర్లెస్ ఆ సంగతి రాసిపెట్టాడు: పూరీం నాడు ముసుగులు వేసుకోవడం, మగవాళ్ళు ఆడబట్టలు కట్టడం ఉత్సాహం కోసమే కనుక తప్పులేదని. ఆ మాటతో అన్ని చోట్లా అందరూ ఏకీభవించరు. అందుకే నిర్ణయం అక్కడి రబ్బీదే.

నాలుగో అడుగు: ఏ కథ, ఎంతసేపు

ఎస్తేరు కథే ఆడాలని లేదు. పాతకాలపు బృందాలు యోసేపుని అన్నలు అమ్మేసిన కథ, దావీదు గొల్యాతుల కథ, ఇస్సాకు బలి కథ కూడా ఆడేవి. 'పూరీం ష్పిల్' అనే మాట 16వ శతాబ్దం నాటికే రాతల్లో కనిపిస్తుంది. మనకి దొరికిన పాత అహష్వేరోష్ ష్పిల్ రాతప్రతి 1697 నాటిది. 1708లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకటి అచ్చయింది. అదే ఊళ్ళో 18వ శతాబ్దం మొదట్లో యోసేపు ఆటకి ఎంత జనం విరగబడ్డారంటే కాపలాకి సైనికుల్ని నిలబెట్టాల్సి వచ్చింది. 1876లో రొమేనియాలోని యాషి పట్నంలో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ వృత్తి నాటకసమాజం మొదలుపెట్టినప్పుడు, యిడ్డిష్ రంగస్థలానికి కాళ్ళ కింద నేలలా ఉన్నది ఈ వీధి ఆటే.

మొదటిసారి చేసేవాళ్ళకి మాత్రం నేను ఎస్తేరు కథే చెప్తాను. పఠనం అప్పుడే విని ఉంటారు, కథ చెప్పే భారం మీ మీద ఉండదు, నేరుగా నవ్వులోకి దిగొచ్చు.

నిడివి ఇరవై నిమిషాలు. ఎవరెంత బతిమాలినా ఇరవై అయిదు దాటనివ్వకండి. సూప్‌కీ ప్రధాన వంటకానికీ మధ్య పట్టే వేళ అంతే. స్క్రిప్ట్ ఎనిమిది పేజీలు దాటిందంటే కోత మొదలుపెట్టండి.

అయిదో అడుగు: పాత్రలు పంచడం

అందరికంటే ముందు ఇద్దర్ని ఖాయం చేసుకోండి. ఒకరు లోయ్ఫెర్, అంటే పరిగెత్తుకొచ్చేవాడు. మన సూత్రధారుడే. ముందుగా లోపలికొచ్చి చోటు చేయించి, పాత్రల్ని పేరుపేరునా పిలిచి, చివర్లో చిల్లర అడిగేవాడు. గొంతు ఉన్నవాణ్ణి పెట్టండి, అందం చూడకండి. రెండోవాడు పయాత్స్, విదూషకుడు. వీడికి కథలో పని లేదు, అందుకే అన్ని పనుల్లోనూ వేలు పెడతాడు. రాజు మాటకి ఎదురు చెప్తాడు, బల్ల మీది రొట్టె ఎత్తుకుపోతాడు, డైలాగు మర్చిపోయినవాడికి జనం ముందే అందిస్తాడు. వీడుంటే ప్రాంప్టర్ అవసరం లేదు. 1697 నాటి ఆటలో అయితే మొర్దెకైనే విదూషకుడు, అదీ నోటికి అడ్డూ ఆపూ లేని మొరటు విదూషకుడు. కథానాయకుణ్ణే పండగ పూట అలా చూపించగలిగిన ధైర్యం వాళ్ళది.

రాజు వేషానికి ఆ సమాజంలో బాగా గంభీరంగా ఉండే మనిషిని ఒప్పించండి. దంతవైద్యుడో, లెక్కల మాస్టారో అయితే మరీ మంచిది. అహష్వేరోషుకి సొంత నిర్ణయం ఒక్కటీ లేదు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాటే. గంభీరమైన ముఖంతో ప్రతివాడికీ "అలాగే" అంటుంటే చాలు. హామాను బాగా నటించగలవాడై ఉండాలి, ఎందుకంటే హాలంతా గోల చేస్తుంటే తొణక్కుండా నిలబడాలి. హామాను పదిమంది కొడుకులకి పదిమంది పిల్లలు అక్కర్లేదు, ఒకే పిల్లవాడు పది టోపీలు మారుస్తూ పరిగెత్తితే సరి. పఠనంలో ఆ పది పేర్లూ ఒకే ఊపిరిలో చదవడం ఆచారం, కాబట్టి పిల్లవాడు కూడా ఒకే ఊపిరిలో పది టోపీలు మార్చాలి.

ఆరో అడుగు: రాయడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ష్పిల్ అంతా ప్రాసతో కూడిన రెండేసి పాదాల్లో నడుస్తుంది. ఎత్తైన కవిత్వం అక్కర్లేదు. పైగా ప్రాస కుదరక కొంచెం సాగదీస్తే పయాత్స్‌కి పని దొరుకుతుంది. పాటలకి కొత్త బాణీలు కట్టకండి. అందరికీ తెలిసిన బాణీ తీసుకుని మాటలు మార్చండి, రెండో చరణానికల్లా బల్లలన్నీ గొంతు కలుపుతాయి. భాష విషయంలో పాతవాళ్ళు యిడ్డిష్‌లోకి హీబ్రూ, అరామిక్ ముక్కలు ఇష్టమొచ్చినట్టు కలిపేవాళ్ళు. తల్ముదు (పాతకాలపు రబ్బీల వాదోపవాదాలు పోగుచేసిన ధర్మగ్రంథం) చర్చల పద్ధతినే అనుకరించి, మద్యం ఎంత తాగాలి లాంటి ప్రశ్న మీద మహా గంభీరంగా వాదించడం వాళ్ళకి ఒక విద్య. 14వ శతాబ్దంలో ఇటలీలో కలోనిమస్ బెన్ కలోనిమస్ ఆ తరహాలో ఒక గ్రంథమే రాశాడు. మీ ఊరి సినగాగ్‌లో రష్యన్, స్పానిష్ మాట్లాడేవాళ్ళుంటే ఆ ముక్కలూ పడనివ్వండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనే ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. ఆ కుటుంబాలకి తెలుగే ఇంటి భాష. తెలుగులో ష్పిల్ రాయడం ఎంత సులువో చూపించడానికి కింద ఒక రంగం రాశాను.

ఆరో అధ్యాయం తీసుకోండి. గ్రంథం మొత్తంలో హాస్యానికి ఇంతకన్నా దిట్టమైన చోటు లేదు. రాజుకి నిద్ర పట్టదు. రాజ్యపు సంగతులు రాసిన పుస్తకం చదివించుకుంటాడు. తనని చంపబోయిన ఇద్దరి కుట్ర మొర్దెకై బయటపెట్టాడని, అందుకు ఇచ్చిందేమీ లేదని తేలుతుంది. సరిగ్గా అప్పుడే, మొర్దెకైని ఉరి తీయించడానికి అనుమతి అడుగుదామని హామాను వస్తాడు.

రాజు (దిండు కావలించుకుని):
నిద్ర పట్టదు, నడుం పట్టింది,
నూట ఇరవై ఏడు దేశాల బరువు తలకి పట్టింది!

పయాత్స్:
పద్దుల పుస్తకం తెచ్చి చదవనా దొరా?
రెండో పుటకే గురక రాకుంటే నన్నడగరా!

రాజు:
ప్రాణం కాచిన మొర్దెకైకి ఏమిచ్చాం బహుమానం?

పయాత్స్:
పుస్తకంలో ఆ చోట సున్నా, అదే సన్మానం.

(హామాను వస్తాడు. గోల.)

రాజు:
మేం మెచ్చినవాడికి ఏ మర్యాద చెయ్యాలి?

హామాను (జనం వైపు తిరిగి):
నన్ను కాక ఇంకెవణ్ణి మెచ్చాలి!
(రాజుతో) మీ అంగీ తొడగాలి, మీ గుర్రం ఎక్కించాలి,
ఓ పెద్దమనిషి కళ్ళెం పట్టి వీధంతా తిప్పించాలి.

రాజు:
భేష్! అంగీ ఇదిగో, గుర్రం అదిగో, పని మొదలెట్టు.
ఎక్కేది మొర్దెకై. నువ్వెళ్ళి... కళ్ళెం పట్టు!

చివరి పాదంలో 'నువ్వెళ్ళి' తర్వాత ఆ ఆగడం చూడండి. మనసులో మూడు లెక్కపెట్టే వరకు రాజు నోరు తెరవకూడదు. హామాను నవ్వు ముఖం మీదే ఉండి, కళ్ళలోంచి మాత్రం దిగిపోవాలి. పిల్లలు అప్పటికే పసిగట్టి కేకలు మొదలుపెడతారు. ఈ మూడు అంకెలు సాధించడానికే నేను రిహార్సల్‌లో సగం వేళ పెడతాను.

ఇదే ఘట్టానికి తల్ముదులో కొసరు కథలున్నాయి. హామాను ఒకప్పుడు పల్లెటూళ్ళో మంగలిపని చేసినవాడట, మొర్దెకైకి తలంటు పోసి క్షవరం కూడా తనే చేయాల్సి వచ్చిందట. ఊరేగింపు సాగుతుంటే హామాను కూతురు మేడ మీంచి చూసి, గుర్రం మీదున్నది తండ్రి, కళ్ళెం పట్టింది మొర్దెకై అనుకుని, మరుగుదొడ్డి కుండ తెచ్చి కిందికి కుమ్మరించిందట. రబ్బీలే చెప్పిన కథ కనుక వాడుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. మేం కుండలో రంగు కాగితం ముక్కలు పోసి కుర్చీ ఎక్కించి పోయిస్తాం. హాలు ఊడ్చే పని ముందే ఎవరికో అప్పజెప్పండి.

ఏడో అడుగు: ఎవర్ని చూసి నవ్వాలి

ఈ నవ్వు తేలిగ్గా దొరికింది కాదు. 1946 వసంతంలో, జర్మనీలోని లాండ్స్‌బెర్గ్ నిరాశ్రయుల శిబిరంలో, మృత్యుశిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు పూరీం చేసుకున్నారు. హిట్లర్ వేషాలు కట్టారు, హిట్లర్ బొమ్మని ఊరేగించారు. హిట్లర్ జైల్లో కూర్చుని తన పుస్తకం రాసిన ఊరు అది. ఇప్పటి పోలండ్‌లోని గలీసియా ప్రాంతంలో బోబోవ్ అనే చిన్న ఊరి హసిదిమ్ (ఒక గురువు చుట్టూ అల్లుకున్న భక్తిమార్గపు యూదులు) సమాజం యుద్ధంలో చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. కుటుంబంలో చాలామందిని పోగొట్టుకుని బ్రూక్లిన్ చేరిన వాళ్ళ గురువు రబ్బీ ష్లోమో హాల్బెర్‌స్టామ్, మిగిలినవాళ్ళని కూడగట్టుకుంటూ పూరీం ఆటని కూడా మళ్ళీ నిలబెట్టాడు. సోవియట్ కాలంలో దేశం విడిచి వెళ్ళడానికి అనుమతి దొరకని మాస్కో యూదులు ఇరుకు ఫ్లాట్లలో, మంచాలూ కుర్చీలూ జరిపి, పూరీం ఆటలు ఆడుకున్నారు.

అందుకని జోకులు పోగుచేసేటప్పుడు ఒకటే చూడండి: ఆ మాట పైనున్నవాడికి తగులుతోందా, కిందనున్నవాడికా. రాజు, మంత్రి, రబ్బీ గారి సుదీర్ఘ ప్రసంగం, కమిటీ అధ్యక్షుడు, పార్కింగ్ కోసం కొట్లాట వంటివి వాడుకోవచ్చు. పాతకాలంలో యెషివా (యూదుల మత పాఠశాల) విద్యార్థులు ఆ ఒక్కరోజుకి తమలో ఒకణ్ణి 'పూరీం రబ్బీ'గా కూర్చోబెట్టి గురువుల్ని అనుకరించేవాళ్ళు. కానీ ఎవరి పేరు వాడినా ఆ మనిషికి ముందే చూపించి సరేననిపించుకోండి. ఈ ఏడాది ఇంట్లో చావు జరిగినవాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు, కొత్తగా మతంలోకి వచ్చినవాళ్ళు, ఒంట్లో లోపమున్నవాళ్ళు, పేదవాళ్ళ జోలికి అసలు పోకండి. అలాంటి ఒక్క మాటతో పండగంతా చేదవుతుంది.

వష్తిని ఎలా చూపించాలన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న. తాగిన రాజు తన అందం అందరికీ చూపించమంటే రానన్న రాణి ఆమె. పాత ఆటల్లో ఆమెని ఎగతాళి చేసేవాళ్ళు. నా దృష్టిలో అక్కడ నవ్వదగినవాడు రాజే. పెళ్ళాం ఒక్కసారి రానన్నందుకు, ప్రతి మగవాడూ తన ఇంట్లో తనే యజమాని అని 127 సంస్థానాలకి తాకీదులు పంపిన ఘనుడు. ఆ తాకీదు చదువుతున్న గుమాస్తాని సొంత భార్య వంటింట్లోంచి కేకేస్తే ఆ రంగం పండుతుంది.

ఒకసారి నన్ను హోదూ దేశపు రాయబారి వేషం వేయమన్నారు, తలాడిస్తూ యాసతో మాట్లాడమన్నారు. పిలిచినవాళ్ళ మనసులో చెడు లేదు. కానీ నేను ఆ వేషం అలా వేయనని చెప్పాను. దాని బదులు రాయబారి అచ్చతెలుగులో రాజుని దీవిస్తాడు, పయాత్స్ దాన్ని పూర్తిగా తప్పు అనువాదం చేస్తాడు అని రాసిచ్చాను. నవ్వు రెట్టింపైంది. చర్మానికి రంగు పూయడం, ఇంకొకరి జాతిని వేషంగా కట్టడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో 75,000 మంది శత్రువులు చచ్చారని ఉంది. పఠనంలో అది చదువుతారు. ఆటలో మాత్రం నేను హామాను పడిపోవడంతో ఆపేస్తాను. పిల్లల ముందు చావుల లెక్కతో నవ్వించబుద్ధి కాదు.

ఎనిమిదో అడుగు: వేషాలు, సామాను

ఖర్చు పెట్టకండి. దుప్పటి అంగీ అవుతుంది, పాత పరదా రాజవస్త్రం అవుతుంది. కోట్లు తిరగేసి, లోపలి గుడ్డ పైకి వచ్చేలా తొడగడం నాకిష్టం. కథే తిరగబడ్డ కథ కదా. గుర్రానికి ఇద్దరు పిల్లలు, ఒక గోధుమరంగు దుప్పటి.

గోల చేసే సామాను మాత్రం పుష్కలంగా ఉండాలి. హామాను పేరు వినపడగానే ఆ పేరు మునిగిపోయేలా చప్పుడు చేయడం ఆచారం. గ్రాగర్ అనే కర్ర గిలక ఇందుకే పుట్టింది. పిడి పట్టి తిప్పితే పళ్ళచక్రం మీద చెక్క నాలుక టకటకా కొట్టుకుంటుంది. దొరక్కపోతే స్టీలు డబ్బాలో గుప్పెడు శనగలు పోసి మూత బిగించండి. పూర్వం పిల్లలు రెండు రాళ్ళ మీద హామాను పేరు రాసి, అది చెరిగిపోయేదాకా ఒకదానికొకటి కొట్టేవాళ్ళు. చెప్పుల అడుగున రాసుకుని నేలకేసి తొక్కేవాళ్ళూ ఉన్నారు.

ఇక ఉరికొయ్య. గ్రంథంలో దాని ఎత్తు యాభై మూరలు. తెలుగు బైబిల్ వాడిన 'మూర' అన్న మాట చూసినప్పుడు నాకు తెనాలి మార్కెట్‌లో పూలమ్మే అవ్వ గుర్తొచ్చింది. మోచేతి నుంచి వేలికొస దాకా మల్లెదండ సాగదీసి, చివర్లో కాస్త కొసరు వదిలే అవ్వ. అక్కడి నుంచే ఈ రంగం పుట్టింది: హామాను ఎర్ర రిబ్బను చుట్ట పట్టుకుని, మోచేత్తో కొలుస్తూ, "ఒకటి, రెండు..." అని మొదలుపెడతాడు. పిల్లలు రిబ్బను కొస పట్టుకుని బల్లల చుట్టూ పరిగెడతారు, హాలంతా కలిసి లెక్కపెడుతుంది. యాభై మూరలంటే ఇరవై రెండు మీటర్లకి పైమాటే. నలభై దగ్గర పయాత్స్ "అమ్మా, కొసరు వెయ్యవూ?" అంటాడు. యాభై అయ్యేసరికి తాతల మెడల చుట్టూ, సీసాల చుట్టూ రిబ్బను చుట్టుకుని ఉంటుంది. ఒక్క మనిషి మీద పగ ఎంత పొడుగ్గా పెరిగిందో చిన్నపిల్లలకి కూడా కంటికి కనిపిస్తుంది. రిబ్బను ముప్పై మీటర్లు కొనండి, తడబాటుకి పోతుంది.

తొమ్మిదో అడుగు: రిహార్సల్స్

మూడు చాలు. మొదటిది బల్ల చుట్టూ కూర్చుని చదవడం, నవ్వు రానిచోట పెన్నుతో కొట్టేయడం. రెండోది నడకలతో. మూడోది పిల్లల్ని పిలిచి, డబ్బాలు చేతికిచ్చి, గోలతో. ఈ మూడోది మానేస్తే ఆ రోజు నటులు బెదిరిపోతారు. హామాను పేరు వచ్చినచోట పక్కవాడు ఆగాలి, లోయ్ఫెర్ చెయ్యెత్తాక గోల తగ్గాలి, అప్పుడే తర్వాతి మాట. ఎస్తేరు గ్రంథంలో ఆ పేరు యాభైకి పైగా సార్లు వస్తుంది. ఆటలో మాత్రం పదికి మించనివ్వకండి, లేదంటే ఇరవై నిమిషాలు నలభై అవుతాయి. మిగతాచోట్ల 'ఆ మూడుమూలల టోపీవాడు' అనొచ్చు. పూరీంకి చేసే హామన్‌తాషెన్ బిస్కట్లు మూడుమూలలుగా ఉంటాయి కాబట్టి అందరికీ అర్థమవుతుంది.

పదో అడుగు: ఆ రోజు

పూరీం నాడు, శాపగ్రస్తుడు హామాను, ఆశీర్వదితుడు మొర్దెకై అన్న రెండు మాటలకీ తేడా తెలియనంతగా తాగాలని తల్ముదులో ఒక మాట ఉంది. పెద్దలు దాన్ని రకరకాలుగా వ్యాఖ్యానించి హద్దులు పెట్టారు. మీ హద్దు ఇది: నటులు ఆట ముగిసేదాకా ముట్టకూడదు. కారు నడిపి పిల్లల్ని దింపాల్సినవాళ్ళెవరో కూడా ముందే తేల్చుకోండి.

సూప్ గిన్నెలు తీసేస్తుండగా వంటింటి తలుపు మీద మూడు దెబ్బలు. లోయ్ఫెర్ పరిగెత్తుకొచ్చి చోటు చేయిస్తాడు. లైట్లు మార్చకండి, జనం ముఖాలు నటులకి కనపడాలి. మాట మర్చిపోతే ఆపకండి, పయాత్స్ ఉన్నాడు. పసిపిల్ల లేచొచ్చి రాజు కిరీటం లాగితే కిరీటం ఇచ్చేయండి, మిగతా ఆట రాజు బట్టతలతోనే నడుస్తుంది. మా దగ్గర ఒక ఏడాది అదే జరిగింది. ఆ పిల్ల కిరీటం పెట్టుకుని బల్ల కింద కూర్చుని, అక్కణ్ణించే "అలాగే" అంటుంటే అసలు రాజు నోరు మెదపలేదు.

ఆఖరున అందరూ గొంతు కలిపి "ఇవాళే పూరీం, రేపటికి లేదు" అనగానే లోయ్ఫెర్ టోపీ తిరగేసి బల్లల మధ్య తిరగాలి. పూర్వం ఆ చిల్లర ఆడినవాళ్ళకే చెందేది. వాళ్ళూ పేదవాళ్ళే, చదువుకునే కుర్రాళ్ళు, పనివాళ్ళు. ఇప్పుడైతే ఆ డబ్బు పేదలకి చేరాలి, అదీ ఆ పగలే, కనీసం ఇద్దరికి. కాబట్టి సాయంత్రం ఆడితే మర్నాటి కోసం ఆ డబ్బు ఎవరి చేతికివ్వాలో ముందే రబ్బీని అడిగి పెట్టుకోండి. టోపీ తిరిగి రాగానే నటులు కూర్చోవాలి, వాళ్ళకి వేడి సూప్ విడిగా తీసిపెట్టమని వంటింట్లో చెప్పి ఉంచండి. స్క్రిప్టు మీద ఎక్కడ నవ్వారో, ఎక్కడ గరిటెల చప్పుడు వినపడిందో ఆ రాత్రే రాసుకుని, రిబ్బను చుట్టి, అదే డబ్బాలో పెట్టేయండి.